1908 మూసీ వరద: అంకెలు, పేర్లు, తేదీలు సరిచూసుకుందాం

#1 పాతపటం

సెప్టెంబర్ 28 దగ్గర పడుతుంటే మూసీ వరద గురించి ఏటా అవే నాలుగు వాక్యాలు, అవే పొరపాట్లతో తిరుగుతాయి. హైదరాబాద్ రూపం మార్చిన రోజు అది. దాని గురించి రాసే అంకె ప్రతిదీ ఎక్కడి కొలతో, ఏ ప్రమాణంలో ఉందో తెలిసి రాయాలి.

గట్టిగా చెప్పగలిగినవి ముందు పెడుతున్నాను. వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28, సోమవారం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. వాన 27 నుంచే పట్టింది, 28 ఉదయానికి నది ఊళ్లోకి వచ్చేసింది. దెబ్బతిన్నవి అఫ్జల్‌గంజ్, బేగంబజార్, ఘాన్సీబజార్, దారుల్‌షిఫా, కోల్సావాడి, చాదర్‌ఘాట్ వైపు రెండు ఒడ్లూ.

తేల్చాల్సినవి నాలుగు. వాన ఎంత? చెరువుల పాత్ర ఏమిటి? ఏ వంతెన నిలిచింది, ఏది పోయింది? ఆ తరువాత కట్టిన వాటిలో ఎవరి పని ఎంత? తెలిసినవారు ఒక్కో దాని మీద రాయండి. అంకె పక్కన ప్రమాణం తప్పకుండా ఉండాలి.

#2 వానగేజీ

వానతో మొదలుపెడతాను. అందరూ వాడే అంకె శంషాబాద్‌లోని వాన కొలిచే గేజీది. 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.90 అంగుళాలు. నేటి లెక్కలో 325 మి.మీ., 480 మి.మీ.

జరిగే తప్పు ఏమిటంటే, ఈ 12.8ని "హైదరాబాద్‌లో కురిసిన వాన" అని రాసేస్తారు. అది నగరంలో కురిసింది కాదు, ఎగువన ఒక్క గేజీలో పడింది. పరీవాహకం, అంటే నదిలోకి వాననీరు చేరే నేల, అంతటా అంతే పడిందని గుణించేయకూడదు. భారీ వానకు ఒక నడుమ ఉంటుంది, అక్కడి నుంచి దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

నగరానికి ఎగువన మూసీ పరీవాహకం సుమారు 862 చదరపు మైళ్లు. ఒక చదరపు మైలు మీద ఒక అంగుళం నీరు నిలిస్తే 23.2 లక్షల ఘనపుటడుగులు. 862తో గుణిస్తే 200 కోట్ల ఘనపుటడుగులు, అంటే 2 టీఎంసీలు. ఈ ఒక్క సంఖ్య గుర్తుంచుకుంటే చాలు: నేల పీల్చుకోగా పరీవాహకం నుంచి దిగే ప్రతి అంగుళం నీరూ నగరం దగ్గర 2 టీఎంసీలు. ఆరు అంగుళాలు దిగితే 12 టీఎంసీలు. మిగతా వాదనలన్నీ దీంతో తూచి చూడవచ్చు.

#3 చెరువుకట్ట

వాన లెక్క మంచిగ చెప్పిన్రు. కానీ వాన ఒక్కటే అయితే అంత ఎత్తున ఒక్కసారి రాదు. చెరువుల సంగతి చూడాలె.

వరద తర్వాత వచ్చి చూసిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య లెక్కల ప్రకారం నగరం పైన 788 చెరువులు. 862 చదరపు మైళ్లకు 788 అంటే మైలుకొక చెరువు ఉన్నట్టే. అండ్ల 221 తెగినయ్: ఈసీ దిక్కు 182, మూసీ దిక్కు 39. చానామంది "మూసీ చెరువులు తెగినయ్" అని రాస్తరు గానీ, ఎక్కువ తెగింది ఈసీల. ఈసీ వేరే వాగు, లంగర్‌హౌజ్ దగ్గర, ఇప్పటి బాపూఘాట్ కాడ మూసీల కలుస్తది.

గొలుసుకట్టు, అంటే ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లకు పోయే చెరువుల వరుస, ఎట్ల తెగుతదో చెప్త. చెరువు నిండినంక నీళ్లు మత్తడి (ఎక్కువైన నీళ్లు పోనీకి కట్టిన గోడ) దుంకుతయ్. మత్తడి పొడుగు మామూలు వానకు కట్టిందే. దాన్ని మించి వస్తే చెరువుల మట్టం పెరిగి, కట్ట యాడ కుంగి ఉంటే ఆడ నీళ్లు కట్ట మీదికెళ్లి పారుతయ్. ముందుగాల పోయేది కట్ట ఎనుక వాలు. మట్టి కోసుకుంట పైకొస్తది, కట్ట మెడ సన్నవడ్తది, ఆఖర్కు గండి. గండి పడ్డంక నీళ్ల ఒరవడికి అది తనంతట తనే వెడల్పయితది. అప్పుడు ఆ చెరువు నీళ్లు, దానికి పైనుంచి వచ్చేవి కలిసి కింది చెరువు మీద పడ్తయ్. దాని మత్తడి ఒక చెరువు నీళ్లకే కట్టింది, రెండిటికి కాదు. అందుకే కిందికి పోయినకొద్ది తెగుడు తప్పదు.

ఇంకో రకం తెగుడు తూము పక్కన. తూము గోడకు, మట్టికి నడుమ సందు పడి బుంగ అయితది. పైకి ఏం కనవడదు, ఎనుక దిక్కు బురద నీళ్లు ఊరుతుంటే అదే గుర్తు. తేట నీళ్లు ఊరితే భయం తక్కువ. మట్టి రంగు ఊట వస్తుందంటే కట్ట లోపల మట్టి పోతున్నట్టే.

#4 బేగంబజార్_చదువరి

అంటే చెరువులు లేకపోయుంటే వరద చిన్నదయ్యేదా? కొందరు అలాగే రాస్తున్నారు.

#5 వానగేజీ

అలా రాయడం తప్పు. మామూలు వానలకు చెరువులే నదిని కాపాడతాయి. ప్రతి చెరువూ కొంత నీటిని ఆపి, మిగిలిన దాన్ని నెమ్మదిగా వదులుతుంది, వరద శిఖరం తగ్గుతుంది. కట్ట నిలిచినంత వరకే ఆ మేలు. తెగితే, గంటల తరబడి రావాల్సిన నీరు నిమిషాల్లో వస్తుంది. ఒకే రాత్రి 221 తెగితే ఒకదాని అల ఇంకోదానితో కలిసి నది మీద పడుతుంది. తప్పు చెరువుది కాదు, చాలని మత్తడిది, కుంగిన కట్టది.

నగరం దగ్గర శిఖర ప్రవాహం అంచనా 4,25,000 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు. దీని అర్థం తెలియకుండా రాస్తే అది వట్టి పెద్ద అంకె. గంటసేపు అలాగే పారితే 1.53 టీఎంసీలు. వరద తరువాత ఎగువన కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ పూర్తిగా ఖాళీగా ఉన్నా, ఆ వేగంతో వస్తే నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. శిఖరం అంతసేపు ఉండదు కనుక జలాశయాలు పనిచేస్తాయి. కానీ "జంట జలాశయాలు ఉన్నాయి, 1908 మళ్లీ రాదు" అనేవారు ఈ భాగహారం చేసి చూడాలి.

#6 రాతిపుల్

వంతెనలు. పేర్ల గజిబిజి ఎక్కువ కనుక ఎగువ నుంచి దిగువకు వరుసగా.

పురానాపుల్: 1578, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం. 22 కమానులు, సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. చార్మినార్ కంటే పాతది.
ముసల్లంజంగ్ వంతెన: 19వ శతాబ్దం చివర.
అఫ్జల్‌గంజ్ వంతెన: ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద. నయాపుల్ అనేది దీన్నే. రెండూ వేర్వేరని చాలా చోట్ల రాస్తున్నారు.
చాదర్‌ఘాట్ వంతెన: 1831, ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు ఆలిఫంట్ కట్టించాడు. పాత పటాల్లో ఆలిఫంట్ వంతెన అనే ఉంటుంది.

1908లో చివరి మూడూ తెగిపోయాయి. రెండు ఒడ్లకూ మిగిలిన దారి పురానాపుల్ ఒక్కటే. అయితే "పురానాపుల్‌కు చెక్కు చెదరలేదు" అనడం సరికాదు. అదీ దెబ్బతింది, తరువాత బాగుచేశారు. 1820 వరదలోనూ దెబ్బతింటే మూడో నిజాం సికందర్ జా కాలంలో మరమ్మతు జరిగింది.

కమాను వంతెన ఎలా పోతుందో తెలిస్తే పాత ఫోటోలు చదవడం సులువు. కొట్టుకొచ్చిన దూలాలు, చెట్లు, కప్పులు కమాను ఖానాల్లో ఇరుక్కుంటాయి. ఖానాలు మూసుకుపోగానే వంతెన ఆనకట్ట అవుతుంది. ఎగువన మట్టం పెరిగి నీరు పిట్టగోడ మీదుగా దూకుతుంది. అలా దూకిన నీరు ముందు రెండు కొసల్లోని మట్టి దారిని కోసేస్తుంది. ఆ తరువాత వంతెన కాలు పునాది కింద మట్టి పోతుంది. కమానుకు బలం పక్క కమాను మోపే ఒత్తిడే, అందుకని ఒక కాలు కుంగితే దాని రెండు పక్కల కమానులూ పోతాయి. ఫోటోలో కమానులు నిలిచి ఉండి కొసల దగ్గర ఖాళీ కనిపిస్తే పోయింది దారి. నడుమ ఖాళీ ఉంటే పోయింది పునాది.

#7 పాతపటం

నయాపుల్ విషయంలో నేను దాచుకున్న ఒక పటం వివరణలోనూ ఇదే తప్పు ఉంది, దిద్దుతాను. ముసల్లంజంగ్ వంతెన అఫ్జల్‌గంజ్ వంతెనకు ఎగువనే, సరిచూశాను.

ఫోటోల సంగతి వచ్చింది కనుక, "1908 వరద, లాలా దీన్‌దయాళ్ తీసిన చిత్రం" అనే శీర్షిక కనిపిస్తే ఆగండి. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (లాలా అన్నదీ ఆయన్నే) 1905లో చనిపోయారు. స్టూడియో ఆ తరువాతా నడిచింది. కనుక "దీన్‌దయాళ్ స్టూడియో" అని రాయవచ్చేమో గానీ ఆయన తీశారని రాయకూడదు.

రెండో పరీక్ష కట్టడాలతో. నది ఒడ్డున హైకోర్టు గుమ్మటాలో, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలో కనిపిస్తే ఆ ఫోటో 1908ది కాదు. హైకోర్టు 1915లో మొదలై 1919లో ముగిసింది, 1920లో తెరిచారు. ఆసుపత్రి భవనం 1920లలోది.

#8 ఇమ్లీబన్

"ఉస్మానియా ఆసుపత్రి వరదలో మునిగింది" అనే వాక్యం కూడా అందుకే తప్పు. అప్పుడు అక్కడ ఉన్నది 1866 నాటి అఫ్జల్‌గంజ్ దవాఖానా. వరదలో పోయింది అదే.

వరద కథల్లో వినిపించే చింతచెట్టు ఆ ఆవరణలోదే. దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇప్పటికీ ఆసుపత్రి ప్రాంగణంలో, నది వైపు ఉంది. చూడబోయేవారు ఓపీ నడిచే ఉదయం వేళ తప్పించండి, అది రోగులు తిరిగే దారి.

పేట్లబుర్జు సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది నగర ప్రాకారపు బురుజు. ఎత్తుగా ఉందని జనం ఎక్కారు, నీరు అడుగు కోసేయడంతో బురుజే కూలింది. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పాల్సిన విషయాలు. రాతి బురుజు చూడటానికి గట్టిది. కానీ దాని బరువంతా నిలువుగా అడుగు మట్టి మీదే పడుతుంది, నీటికి ఎదురుగా నిలిచే ముఖం వెడల్పు. చెట్టుకు వేళ్లు నేలను పట్టుకుని ఉంటాయి, నీరు కొమ్మల మధ్య నుంచి పోతుంది. వరదలో ఎత్తు ఒక్కటే చూసి ఎక్కకూడదు, కింద ఏముందో చూడాలి.

#9 బేగంబజార్_చదువరి

మృతుల సంఖ్య ఎంత రాయాలి? 15,000 అని ఒకచోట, అంతకు బాగా తక్కువగా ఇంకోచోట ఉంది.

#10 ఫసలీలెక్క

15,000 రాస్తే "అంచనా" అనే మాట చేర్చండి, శవాలు లెక్కపెట్టిన సంఖ్యలా రాయకండి. సుమారు 19,000 ఇళ్లు పోయాయి, 80,000 మంది నిలువనీడ లేనివారయ్యారు. ఈ రెండూ ఒకదానికొకటి అతుకుతాయి, ఇంటికి నలుగురి చొప్పున.

అతకనిది "జనాభాలో నాలుగోవంతు" అనే మాట. 1901 జనాభా లెక్కల్లో హైదరాబాద్, సికింద్రాబాద్, శివార్లు కలిపి 4,48,466. అందులో 80,000 అంటే 18 శాతం. కంటోన్మెంటు, శివార్లు తీసేసి లెక్కిస్తే నాలుగోవంతుకు దగ్గరపడవచ్చు. కాబట్టి "నాలుగోవంతు" రాసేవారు దేనిలో నాలుగోవంతో కూడా రాయాలి.

1901, 1911 లెక్కల తేడా తీసి మృతుల సంఖ్య పట్టుకోవాలని చూడకండి. 1911లో జనాభా 5,00,623కి పెరిగింది. పదేళ్ల పుట్టుకలు, వలసలు ఆ నష్టాన్ని పూర్తిగా కప్పేస్తాయి.

తేదీల దగ్గర ఇంకా పెద్ద చిక్కుంది. పాత హైదరాబాద్ రికార్డులు ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సర గణనలో ఉంటాయి. సూత్రం ఇది. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబర్ మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలవుతుంది. ఆజర్ నుంచి డిసెంబర్ చివరి దాకా ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. వరద సెప్టెంబర్‌లో కనుక 1908 నుంచి 591 తీస్తే 1317 ఫసలీ. నెల ఆబాన్, అంటే ఏడాదిలో చివరిది. పది రోజులు ఆలస్యంగా వచ్చుంటే అది 1318 అయ్యేది.

ఇక్కడే చాలామంది జారతారు. మద్రాసు ఫసలీ జులై 1న మొదలవుతుంది. ఆ లెక్కలో 1908 సెప్టెంబర్ 1318 ఫసలీ. కోస్తా జిల్లాల రెవెన్యూ కాగితాలకు అలవాటు పడినవారు హైదరాబాద్ కాగితాన్ని చదివితే ఏడాది తేడా వస్తుంది. ముందు కాగితం ఏ ప్రభుత్వానిదో చూడండి, తరువాత 590 సంగతి.

హిజ్రీలో 1326, రంజాన్ మొదటి రోజులు. హిజ్రీ ఏడాదికి 354 లేదా 355 రోజులే. కాబట్టి ఒక స్థిరమైన అంకె కలిపితే సరిపోదు, పట్టిక చూడాల్సిందే.

#11 రాతిపుల్

ఫసలీ పోస్టును పైన అతికించి పెట్టాలి. దివానీ కాగితాలు చదివే ప్రతివారికీ కావలసింది.

#12 గండిపేట_నీరు

నాలుగో ప్రశ్నకు వస్తాను. "విశ్వేశ్వరయ్య ఉస్మాన్‌సాగర్ కట్టారు" అనే వాక్యాన్ని మూడుగా విడగొట్టాలి.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి పరీవాహకమంతా పరిశీలించి నివేదిక ఇచ్చారు. నగరానికి ఎగువన రెండు నదుల మీదా వరద జలాశయాలు, నగరంలో ఒడ్ల బాగు, భూగర్భ మురుగుకాలువలు. ఆయన పని దారి చూపడం. ఆ ఏడాది చివరికి మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. ఆయన చూపిన దారి లేకుంటే తరువాతిదేదీ లేదు, అది చిన్న మాట కాదు. అయినా కట్టింది వేరేవారు.

ఉస్మాన్‌సాగర్ పనులు 1913లో మొదలై 1920లో ముగిశాయి. అమలు చూసిన ఇంజనీరు సి.టి. దలాల్. హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. ఆ కాలపు నీటిపనుల్లో తప్పకుండా చెప్పాల్సిన పేరు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఈ రెండు పేర్లు వదిలేసి రాసే వ్యాసాలు చూస్తే బాధ వేస్తుంది, నగరం వందేళ్లుగా తాగింది వాళ్ల చేతిపనే.

మూడో సంగతి, పాలకుడు. మహబూబ్ అలీ ఖాన్ 1911లో చనిపోయారు. జలాశయాలు, 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి అన్నీ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివి. వరద ఒకరి హయాంలో, కట్టుబడి ఇంకొకరి హయాంలో.

ఉస్మాన్‌సాగర్ మూసీ మీద, హిమాయత్‌సాగర్ ఈసీ మీద. "మూసీ మీద రెండు జలాశయాలు" అని రాయకండి.

#13 చెరువుకట్ట

అన్నా, రెండిట్ల ఏది ముందుగాల నిండుతది? హిమాయత్‌సాగర్ గేట్లే ముందు ఎత్తిన్రని తరచు ఇంటుంటం.

#14 గండిపేట_నీరు

లెక్కలోనే జవాబుంది.

ఉస్మాన్‌సాగర్: పూర్తి మట్టం 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు, 15 గేట్లు, పరీవాహకం 738 చదరపు కిలోమీటర్లు.
హిమాయత్‌సాగర్: 1763.5 అడుగులు, 2.97 టీఎంసీలు, 17 గేట్లు, 1,311 చదరపు కిలోమీటర్లు.

ఖాళీగా ఉన్న ఉస్మాన్‌సాగర్ నిండాలంటే దాని పరీవాహకం నుంచి దాదాపు ఆరు అంగుళాల నీరు దిగాలి. హిమాయత్‌సాగర్‌కు రెండున్నర అంగుళాలు చాలు. గిన్నె చిన్నది, వచ్చే నీరు ఎక్కువ. ఒకే వాన రెండిటి మీదా సమానంగా పడితే హిమాయత్‌సాగర్ గేట్లు ముందు ఎత్తాల్సి రావడం సహజం. 1908లో ఎక్కువ చెరువులు తెగింది ఈ ఈసీ పరీవాహకంలోనే.

వార్తల్లో గేట్ల సంగతి చదివేటప్పుడు మూడు అంకెలు కలిపి చూడాలి: మట్టం, వచ్చే నీరు, వదిలే నీరు. "ఆరు గేట్లు ఎత్తారు" అంటే ఏమీ తెలియదు. ఎన్ని అడుగులు ఎత్తారన్నది ముఖ్యం. మట్టం పూర్తి మట్టానికి ఒకటి రెండు అడుగులు తక్కువగా ఉండి, వచ్చే నీటి కంటే వదిలేది ఎక్కువగా ఉంటే ముందుచూపుతో ఖాళీ చేస్తున్నారని అర్థం. మట్టం నిండి, వచ్చేది వదిలేది సమానంగా ఉంటే జలాశయం ఇక ఏమీ ఆపడం లేదు, ఎగువ వరద యథాతథంగా నగరంలోకి దిగుతోందన్నమాట. దిగువనున్నవారు జాగ్రత్తపడాల్సిన ఘడియ అది.

పేచీ అంతా ఒక్క చోటే ఉంది. వరదకు జలాశయం ఖాళీగా ఉండాలి, తాగునీటికి నిండుగా ఉండాలి. విశ్వేశ్వరయ్య అడిగింది వరద ఆపే జలాశయాలు, నగరం వాటినే తాగునీటికీ వాడుకుంది. సెప్టెంబర్ నెలాఖరుకు వానాకాలం ముగుస్తుంది కనుక నిండుగా ఉంచాలనిపిస్తుంది, 1908 వరద వచ్చింది సరిగ్గా అప్పుడే.

#15 వానగేజీ

పైదానికి ఒక చేర్పు. తరువాతి వరదలన్నిటినీ 1908తో పోల్చేస్తున్నారు, అవి ఒకే జాతివి కావు.

2000 ఆగస్టు 24: నగరంలోనే 24 సెం.మీ. వాన. మునిగినవి హుస్సేన్‌సాగర్ దిగువన అశోక్‌నగర్, దోమలగూడ, గాంధీనగర్ వైపు. అది నాలా వరద, మూసీ వరద కాదు.
2020 అక్టోబర్: పాతబస్తీకి దక్షిణాన పల్లె చెరువు, గుర్రం చెరువు తెగాయి. చెరువుకట్ట గారు చెప్పిన గొలుసుకట్టు తెగుడు, చిన్న ఎత్తున.
2025 సెప్టెంబర్ చివర: జలాశయాల గేట్ల నుంచి వదిలిన నీటికి నది పెరిగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు వచ్చింది. నది వరద అంటే అది.

ఏ వరద గురించి రాస్తున్నా ముందు తేల్చాల్సింది: నీరు నది ఎగువ నుంచి వచ్చిందా, పక్క నుంచి వచ్చిందా? ఎగువ నుంచి అయితే గేట్లు, నది. పక్క నుంచి అయితే నాలా, చెరువు. మందులు వేరు.

#16 ఇమ్లీబన్

ఆ బస్‌స్టేషన్ ఉన్న చోటు పేరే ఇమ్లీబన్. నది పాయల నడుమ భూమి. పేరు చెబుతూనే ఉంది, అది చింతతోపు.

#17 రాతిపుల్

ఒడ్డున నడిచి చూడదలచినవారికి వరుస ఇస్తున్నాను. పురానాపుల్ నుంచి దిగువకు నడిస్తే వరద ఎటు వెళ్లిందో ఆ దిక్కునే వెళతారు.

పురానాపుల్ దగ్గర ఎగువ ముఖం వైపు దిగి కాళ్ల ముక్కులు చూడండి, నీటిని చీల్చేలా కోసుగా కట్టారు. రాయి రంగు, సున్నం గీత మారిన చోట్లు తరువాతి మరమ్మతుకు గుర్తు కావచ్చు, గుర్తే గానీ రుజువు కాదు. అక్కడి నుంచి కుడి ఒడ్డు వెంట పేట్లబుర్జు, సిటీ కాలేజీ, హైకోర్టు. నయాపుల్ దాటి ఎడమ ఒడ్డుకు వస్తే ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. దిగువన చాదర్‌ఘాట్.

ఈ పెద్ద కట్టడాలన్నీ నదికి ముఖం పెట్టి ఉండటం యాదృచ్ఛికం కాదు. వరద ఊడ్చేసిన ఒడ్లను ఇరుకు ఇళ్లకు మళ్లీ ఇవ్వకుండా, ఎత్తు చేసి, రహదారి వేసి, ప్రజల కట్టడాలకు కేటాయించారు. హైకోర్టు రూపకల్పనలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పేరుతో పాటు జైపూర్ శంకర్‌లాల్ పేరు, కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ పేరు కూడా రాయండి.

నడిచేటప్పుడు తప్పు చేసే చోటొకటి ఉంది. ఇప్పటి రోడ్డు మట్టం నుంచి 1908 నీటి లోతు అంచనా వేయడం. ఒడ్లు తరువాత ఎత్తు చేసినవి. పాత కట్టడం గడప మట్టం దొరికితే దాని నుంచి కొలవాలి.

#18 పాతపటం

మొదటి పోస్టు కింద దిద్దుబాట్లు చేర్చాను: 12.8 అంగుళాల పక్కన "శంషాబాద్, 24 గంటలు", తెగిన చెరువుల పక్కన "ఈసీ 182, మూసీ 39", అఫ్జల్‌గంజ్ దవాఖానా అసలు పేరు, దలాల్, అలీ నవాజ్ జంగ్ పేర్లు. "నాలుగోవంతు" తీసేసి 80,000 ఉంచాను. తేదీ వరుస ఇలా పెట్టాను, ఫసలీలెక్క గారు ఒకసారి చూడండి: "1908 సెప్టెంబర్ 28, సోమవారం, ఆబాన్ 1317 ఫసలీ, రంజాన్ 1326 హిజ్రీ".

#19 ఫసలీలెక్క

సరిగ్గా ఉంది. "1317 హైదరాబాద్ ఫసలీ" అని ఆ ఒక్క మాట కూడా చేర్చండి.